బేరమాడిన యక్షిణి

మొగలిపొదల నడుమ, ఏటిగట్టు మీద మొగలిపురమనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యానికి కోట కంటే, సైన్యం కంటే అంగడివీధి గొప్ప. ఉప్పు నుంచి ముత్యాల దాకా అక్కడ దొరకని వస్తువు లేదు. వర్తకులు మాటకారులు, తెలివైనవాళ్ళు. ఒక్క పట్టింపు మాత్రం వాళ్ళకు గట్టిగా ఉండేది. పొద్దున్నే జరిగే మొదటి బేరాన్ని బోణీ అంటారు కదా, అది మంచి చేతితో జరగాలి. పట్టుబట్టలు కట్టుకుని వచ్చినవాడి చేయి మంచిది. చినిగిన బట్టలతో వచ్చినవాడి చేయి మంచిది కాదు. ఈ శాస్త్రం ఎవరు రాశారని నన్నడక్కండి, వాళ్ళకే తెలియదు.

ఒకనాడు పొద్దున్నే మాసిన చీర కట్టుకున్న ముసలమ్మ ఒకతె ఆ వీధికి వచ్చింది. మొదటి కొట్టులో బెల్లం ధర అడిగింది. "బోణీ కాలేదు, తరువాత రా" అన్నాడు వర్తకుడు. రెండో కొట్టులోనూ అదే మాట. వీధి పొడుగునా నడిచినా ధర చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. చివరిది గవరయ్య కొట్టు. ఆయన చిమ్మిలి అమ్ముతాడు. నువ్వులూ బెల్లమూ కలిపి రోట్లో దంచి చుట్టిన ఉండలే చిమ్మిలి. గవరయ్య మంచివాడే కానీ, ఆయనకూ ఆ పట్టింపు ఉంది. "పొద్దున్నే ఎక్కడ దాపురించావమ్మా, అవతలికి వెళ్ళు" అని చేయి విదిలించాడు.

ఆమె ముసలమ్మ కాదు, నల్లకొండ మీద ఉండే యక్షిణి. "అయితే మీ బోణీలు మీరే చేసుకోండి!" అందామె. అంతే, వీధిలోని వర్తకులందరూ కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే రాళ్ళయిపోయారు. గవరయ్య విదిలించిన చేయి గాల్లోనే ఉండిపోయింది.

కొట్టు వెనక రోటి దగ్గరున్న ఆయన కూతురు పేరిందేవి పరుగున వచ్చి యక్షిణి కాళ్ళు పట్టుకుంది. "అమ్మా, మా నాన్నను నాకిచ్చెయ్యి తల్లీ!" అని ఏడ్చింది.

యక్షిణి కాస్త మెత్తబడింది. "ఈ వీధిలో ఎవరైనా మళ్ళీ కొట్టు పెట్టాలి. ఆ కొట్టుకు రావాలని నా అంతట నాకే బుద్ధి పుట్టాలి. నేను వచ్చి కొన్న రోజున వీళ్ళు లేస్తారు. పిలిస్తే రాను. బతిమాలితే అసలే రాను" అని చెప్పి మాయమైంది.

రాజుగారు ఊరుకుంటారా? నల్లకొండకు నగలు పంపారు, ఏనుగులను పంపారు. యువరాజు స్వయంగా వెళ్ళి యక్షిణిని పొగుడుతూ పద్యాలు చదివాడు. రెండో పద్యం మొదలుపెట్టగానే సుడిగాలి వచ్చి, ఆయన్ను ఎత్తుకుపోయి ఏటి బురదలో కూర్చోబెట్టింది. ఆ తరువాత ఆయన పద్యాల జోలికి పోలేదు.

పేరిందేవికి నగలు లేవు, ఏనుగులు లేవు. నాయనమ్మ ఉంది, రోలు ఉంది, అటక మీద కుండెడు నువ్వులు ఉన్నాయి. తనకు తీపి ఇష్టం కాబట్టి బెల్లం దిట్టంగా వేసి బోలెడంత చిమ్మిలి చేసి, తండ్రి ఎదుట పళ్ళెంలో పెట్టుకుని కూర్చుంది. ఆ రాతివీధిలోకి అడుగుపెట్టడానికి మనుషులు భయపడ్డారు. చీమలు మాత్రం బారులు తీరి వచ్చాయి.

నాయనమ్మ చీమలను దులుపుతూ, "ఒసే పిచ్చిపిల్లా, నీకు రోకలి పట్టడం వచ్చు, వర్తకం రాదు. తూర్పు అడవిలో బిడారు ముని అని ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు సరుకులు మోసే ఎడ్ల బిడార్లు నడిపి, ఓడలెక్కి దేశాలన్నీ తిరిగిన మహావర్తకుడు. ఇప్పుడు తపస్సు చేసుకుంటున్నాడు. వెళ్ళి ఆయన్నడుగు" అంది.

పేరిందేవి చిమ్మిలి బుట్టా, మిగిలిన నువ్వులూ బెల్లమూ నెత్తిన పెట్టుకుని అడవిలోకి నడిచింది. వాగులు దాటింది, ముళ్ళపొదలు తప్పించుకుంది. చివరికి మద్దిచెట్టు కింద కళ్ళు మూసుకుని కూర్చున్న మునిని చూసింది. ఆయన కళ్ళు తెరవకుండానే ముక్కు ఎగబీల్చి, "నల్ల నువ్వులు. బెల్లం ఎక్కువైంది" అన్నాడు. తపస్సు అంత బాగా కుదిరినట్టు లేదు.

పేరిందేవి జరిగిందంతా చెప్పింది.

"ఇది ఎవరి కోసం చేశావమ్మా?" అని అడిగాడు ముని.

"అందరి కోసమూ స్వామీ."

"ఎవరు తిన్నారు?"

"చీమలు."

ముని పకపకా నవ్వాడు. తరువాత ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూసి నవ్వు ఆపేశాడు. "చూడమ్మా, ఏరు దాటాలనుకునేవాడు ముందు మోకాటిలోతు నీళ్ళలో ఈత నేర్చుకుంటాడు. యక్షిణి సంగతి తరువాత. నా ఆశ్రమంలో రోలుంది, ముందు అడవిదారి ఉంది, ఇక్కడే ఉండు. రోజుకు ఒక్క బుట్ట చిమ్మిలి చేసి అమ్ము. చిక్కు వచ్చినప్పుడల్లా నన్నడుగు. దారి నేను చెప్తాను, నడవాల్సింది నువ్వే" అన్నాడు.

మర్నాడు పేరిందేవి దారి పక్కన బుట్ట పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి నేల అదిరింది. తాటిచెట్టంత రాక్షసుడు వచ్చి నిలబడ్డాడు. వాడి పేరు లంబోష్ఠుడు. వాడి పెదవులు చూసినవాళ్ళెవరూ ఆ పేరు మరచిపోరు.

"ఏంటే పిల్లా అది?" అంటూ బుట్టెడు చిమ్మిలీ నోట్లో పోసుకున్నాడు. "ఆహా! ఏం రుచి! ఏం పనితనం! ముల్లోకాల్లో నీ అంత పనిమంతురాలు లేదు!" అని పొగిడి వెళ్ళిపోయాడు. పేరిందేవి పొంగిపోయింది. మర్నాడూ వాడు వచ్చాడు, బుట్ట ఖాళీ చేశాడు, ఇంకా గొప్పగా పొగిడాడు. కొద్ది రోజులకు తెచ్చిన నువ్వులు అయిపోయాయి.

"ఆ పొగడ్తలు రోట్లో పోసి దంచు, చిమ్మిలి అవుతుందేమో చూద్దాం" అన్నాడు ముని. పేరిందేవి తల దించుకుంది. ముని తన ధాన్యపు కుండలోంచి నువ్వులు తీసి అప్పుగా ఇస్తూ, "తినకముందే ధర చెప్పాలమ్మా, తిన్నాక కాదు. ధర విన్నాక కూడా నిలబడ్డవాడే నిజంగా కావాలనుకున్నవాడు" అన్నాడు.

ఈసారి లంబోష్ఠుడు చేయి చాపగానే పేరిందేవి బుట్ట వెనక్కి లాగింది. "ఊరికే ఇవ్వను. ధర ఇస్తేనే."

"ధరా! నేను రాక్షసుణ్ణి! నిన్నే మింగేస్తాను!"

"మింగు. రేపటి నుంచి చిమ్మిలి ఎవరు చేసిపెడతారో చూసుకో" అంది పేరిందేవి. బుట్టను మాత్రం రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

రాక్షసుడు ఆలోచనలో పడ్డాడు. వాడికి ఆలోచించడం అలవాటు లేదు కాబట్టి చాలాసేపు పట్టింది. చివరికి "నా దగ్గర ఏమీ లేదే" అన్నాడు దీనంగా.

"చేతులున్నాయి కదా! నువ్వులు దంచిపెట్టు. పనికి తగ్గ చిమ్మిలి ఇస్తాను."

అలా లంబోష్ఠుడు పనిలో చేరాడు. వాడు రోకలి ఎత్తి వేస్తుంటే బుట్టలకు బుట్టలు తయారయ్యాయి. దారినపోయే చెంచులు తేనె ఇచ్చి కొన్నారు, బిడార్లవాళ్ళు నువ్వులు ఇచ్చి కొన్నారు. గుహలో ఉండే మాటలొచ్చిన ఎలుగుబంటి కూడా రోజూ కందమూలాలు తెచ్చి చిమ్మిలి తీసుకుపోయేది. పేరిందేవి ముని అప్పు తీర్చేసింది. ఇక తిరుగులేదనుకుంది.

ఒకనాడు ఆ ఎలుగుబంటి చిమ్మిలి కొరికి, తుపుక్కున ఉమ్మేసింది. "ఛీ! ఇది మొన్నటి రుచి కాదు. చేతికంతా జిడ్డు. ఇది తినేకంటే పుట్టమన్ను మేలు!" అని నలుగురి ముందూ గుర్రుమంది.

పేరిందేవికి ఒళ్ళు మండింది. "ఇష్టం లేకపోతే మానెయ్!" అని పంపేసి మునితో మొరపెట్టుకుంది.

"మిగిలినవాళ్ళు రావడం తగ్గలేదా?" అని అడిగాడు ముని.

పేరిందేవి ఆలోచించింది. నిజమే, నాలుగైదు రోజులుగా బుట్టల్లో సరుకు మిగిలిపోతోంది.

"వాళ్ళు చెప్పకుండా మానేశారు. ఎలుగు చెప్పి మానేసింది. నీ మేలు కోరింది ఎవరమ్మా?"

పేరిందేవి గుహ దాకా వెళ్ళి, "మామా, కోపంలో నోరు జారాను. ఏం తేడా వచ్చిందో చెప్పవా?" అని అడిగింది. ఎలుగుబంటి బెట్టు చేసింది, మూలిగింది, ఆఖరికి చెప్పింది. నువ్వులు పంటి కింద పలుకుగా తగలాలి. లంబోష్ఠుడు బలం కొద్దీ దంచడంతో అవి నూనె కక్కి ముద్దయిపోతున్నాయి. పేరిందేవి వెనక్కి వచ్చి, నాయనమ్మ పాడే రోకటిపాట రాక్షసుడికి నేర్పింది. ఆ పాట నెమ్మదిగా సాగుతుంది, దానికి తగ్గట్టు దంచితే దెబ్బ తేలిగ్గా పడుతుంది. చిమ్మిలి బాగుపడింది. వాడి పాటకు మాత్రం చెట్ల మీది పక్షులు అడవి అవతలికి మకాం మార్చాయి. ముని కూడా చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

దారి పక్కన కొట్టు నిలదొక్కుకున్నాక పేరిందేవి మునికి మొక్కి, "స్వామీ, ఇక యక్షిణి దగ్గరికి వెళ్తాను. ఆమెకు ఏం కావాలో చెప్పండి" అంది.

ముని తల అడ్డంగా ఊపాడు. "నాకు తెలియదమ్మా. తెలియని చోట తెలిసినట్టు చెప్తే నిన్ను ముంచినవాణ్ణవుతాను. ఇన్నాళ్ళూ కొనేవాళ్ళే నీకు నేర్పారు. ఆమె దగ్గరికీ అలాగే వెళ్ళు" అన్నాడు. ఆ మాటతో పేరిందేవికి ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఆమె చిమ్మిలి బుట్టతో నల్లకొండ ఎక్కింది. కొండ మీద గుహ ముందు నగలూ, పట్టుచీరలూ, పళ్ళబుట్టలూ కొండంత కుప్పగా పడి ఉన్నాయి. ఒక్కటీ ముట్టుకున్న గుర్తు లేదు. లోపలి నుంచి విసుగ్గా ఒక గొంతు వినిపించింది. "ఏం తెచ్చావో ఆ కుప్పలో పడేసి పో!"

రోజూ కొట్టులో కూర్చుని అలవాటైన నోరు కదా, పేరిందేవి ఠక్కున అంది. "పడెయ్యడానికి తేలేదమ్మా, అమ్మడానికి తెచ్చాను. ఉండ నాలుగు గవ్వలు."

యక్షిణి బయటికి వచ్చింది. "నాలుగా? ఈ గోళీకాయంత ఉండకా? ఒక్క గవ్వ ఇస్తాను."

"ఒక్క గవ్వకు నువ్వుల పొట్టు కూడా రాదమ్మా! మా రాక్షసుడి కూలి ఎక్కడి నుంచి తేను?"

"రాక్షసుడికి కూలేమిటే! ఒకటిన్నర."

"ఈ పలుకు చూడు, ఈ వాసన చూడు. పొద్దున్నే దంచింది. మూడున్నర."

"రెండు. ఇష్టమైతే ఇవ్వు, లేకపోతే పో!" అంది యక్షిణి. కానీ ఆమె పోలేదు. బుట్ట పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కళ్ళు మెరిసిపోతున్నాయి. ఈమెకు కావాల్సింది కానుకలు కాదని పేరిందేవికి అప్పుడు తెలిసింది. బేరం మూడు గవ్వల దగ్గర తెగింది.

"మరి కొసరు?" అని అరచేయి చాపింది యక్షిణి. కొన్నదాని మీద ఇంకాస్త వేయడమే కొసరు.

"కొసరుకు మారుగా మా నాన్నను ఇవ్వు" అనే మాట పేరిందేవి నాలుక చివరి దాకా వచ్చింది. బతిమాలితే అసలే రానన్న ఆమె మాట గుర్తొచ్చి, దాన్ని మింగేసింది. "కొసరు కొట్టులోనే అమ్మా. తిరుగుతూ అమ్ముకునేటప్పుడు దారిలో కొసరు వెయ్యం" అని బుట్ట ఎత్తుకుని వెనక్కి తిరిగింది. కొండ దిగేదాకా ఏడుస్తూనే ఉంది పాపం.

తరువాత ఆమె అంగడివీధిలో కొట్టు తెరిచింది. లంబోష్ఠుడు రోలు మోసుకొచ్చాడు. వాడి పాట వినడానికి పిల్లలు వచ్చారు, పిల్లల వెనకాల తల్లులు వచ్చారు. నాయనమ్మ విస్తరాకుల్లో పొట్లాలు కట్టలేక సతమతమైంది. బేరాలు బాగానే సాగాయి, యక్షిణి మాత్రం రాలేదు. "వెళ్ళి పిలుచుకురానా?" అని లంబోష్ఠుడు రోజూ అడిగేవాడు. పేరిందేవి తల అడ్డంగా ఊపేది. ఎదురుచూడటం రాక్షసుడితో వేగడం కంటే కష్టమని ఆమెకు ఆ రోజుల్లో తెలిసింది.

ఒక పొద్దున, తలుపులు తీసీ తీయకముందే మాసిన చీర ముసలమ్మ వచ్చి నిలబడింది. "ఏమే, ఉండ ఎంత?"

"నాలుగు గవ్వలమ్మా. కూర్చోండి" అని పేరిందేవి పీట వేసింది.

బేరం మొదలైంది. ఎండెక్కినా తెగలేదు. ఊరు ఊరంతా చుట్టూ మూగింది. ముసలమ్మ రెండు గవ్వల మీద చింతాకంత కూడా పెంచలేదు. పేరిందేవి మూడుకు దిగింది, రెండున్నరకు దిగింది, అలిసిపోయి "సరే, రెండు గవ్వలే ఇవ్వండి!" అంది. ముసలమ్మ గవ్వలు పళ్ళెంలో వేసి ఉండ అందుకుంది.

"రెండు గవ్వలా! కొంప మునుగుతుందే పిల్లా!" అని వెనక నుంచి కేక వినిపించింది.

గవరయ్య! గాల్లో ఉన్న చేతితో నెత్తి కొట్టుకుంటున్నాడు. పక్క కొట్టు ఉప్పు వర్తకుడు కూడా రాతిపొడి దులుపుకుంటూ, "మూడుకు తక్కువైతే ఇవ్వకమ్మాయ్!" అన్నాడు. వీధి పొడుగునా వర్తకులు ఒక్కొక్కరే లేచి, తాము ఇంతకాలం రాళ్ళుగా ఉన్న సంగతి కూడా తెలియకుండా ధర మీద వాదులాటకు దిగారు. పేరిందేవి పళ్ళెం వదిలేసి తండ్రి మెడకు చుట్టుకుంది. ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది.

సంగతి తెలిసిన గవరయ్య యక్షిణి కాళ్ళ మీద పడ్డాడు. ఆమె లేవదీసింది. "వేల ఏళ్ళుగా అందరూ నాకు భయపడి ఇచ్చిపోయేవాళ్ళే గవరయ్యా. నాతో కూర్చుని మాట్లాడినవాళ్ళు లేరు. ఆనాడు నేను మీ వీధికి వచ్చింది నాలుగు మాటల కోసం" అంది.

అంతలో రాజుగారు పల్లకీ దిగి, పేరిందేవిని అంగడివీధికి పెద్దను చేస్తున్నానని ప్రకటించారు. యువరాజును పెళ్ళాడతావా అని కూడా అడిగారు. ఇలాంటి కథల చివర పెళ్ళి ఉండాలని నాకూ తెలుసు. పేరిందేవి మాత్రం "పెద్దరికం సంతోషంగా తీసుకుంటాను ప్రభూ. పెళ్ళికేం తొందర, ముందు రేవులో రెండో కొట్టు పెట్టాలి. దాని సంగతి మా మునిని అడిగి రావాలి" అంది. యువరాజు కూడా హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన అప్పటికే మూడో ఉండ తింటున్నాడు.

యక్షిణి కొసరు కొంగున కట్టుకుని లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, బెరుకుగా అడిగింది. "రేపు కొట్టు ఎన్నింటికి తెరుస్తారు?"

పేరిందేవి నోరు తెరిచేలోగా గవరయ్య చేతులు జోడించాడు.

"మీరు వచ్చిన వేళకే తెరుస్తాం తల్లీ. బోణీ మీదే."

ఆనాటి నుంచి మొగలిపురంలో పొద్దున్నే పీట వెయ్యని కొట్టు లేదు, ఆ పీట మీద కూర్చుని చల్లగా నవ్వని మనిషీ లేడు.