నచ్చినవాళ్ళు తప్పులే చెప్పాలి

పళ్ళ డాక్టరు లేచి నిలబడి, తానే పన్ను పీకించుకోబోతున్నవాడిలా ముఖం పెట్టి, ఆ నవలను మెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

“కాగితం మంచిది. అక్షరాలు పెద్దవి. నాలుగువందల పేజీల్లో ఎక్కడా సిరా అలుక్కోలేదు.”

“నవల గురించి చెప్పండి డాక్టరుగారూ,” అన్నది అధ్యక్షురాలు.

“అదే చెబుతున్నానమ్మా. చేతిలో పట్టుకుంటే హుందాగా ఉంది.”

గ్రంథాలయం మేడమీది గదిలో అందరూ నవ్వు ఆపుకున్నారు. డాక్టరుకు నవల బొత్తిగా నచ్చలేదని తేలిపోయింది.

ఆ చదువరుల బృందానికి ఒక నియమం ఉన్నది. పుస్తకం నచ్చినవాళ్ళు అందులోని తప్పులే చెప్పాలి. నచ్చనివాళ్ళు మంచే చెప్పాలి. సమావేశం అయిపోయాక అసలు అభిప్రాయం ఏమిటని ఎవరూ ఎవరినీ అడగకూడదు. అధ్యక్షురాలు ఒకప్పుడు హెడ్‌మిస్ట్రెస్. “సూపర్”, “బోర్” అన్న రెండు మాటలతో నవలల తలరాతలు రాసేసే పాఠకులను ఏళ్ళతరబడి భరించి, చివరికి పెట్టిన నియమమిది. ‘కథ ముందుకు కదలడం లేదు’ అని ఫిర్యాదు చేసేవాళ్ళంటే ఆమెకు మరీ మంట. బస్సును అడగవలసిన ప్రశ్నను నవలను అడుగుతారేమిటని ఆమె కోపం. ఆ కోపంలో తప్పుపట్టవలసింది ఏమీ లేదు.

ఆ వారం నవల ‘అరువు నిచ్చెన’. ఒకాయన, అరువు తెచ్చుకున్న నిచ్చెనను తిరిగి ఇచ్చేద్దామని భుజాన వేసుకుని బయలుదేరుతాడు. ఇవ్వవలసిన ఇల్లు అదే వీధిలో ఉంది. కాని అంత పొడుగు నిచ్చెనతో ఎవరు పలకరించినా తిన్నగా తిరిగి చూడలేడు కదా. తిరిగినప్పుడల్లా వెనకాల ఎవరికో తగులుతుంది, ఆ తగిలినవాళ్ళ కథ మొదలవుతుంది. అలా నాలుగువందల పేజీలు.

డాక్టరు కూర్చోగానే హెడ్‌మిస్ట్రెస్ మేనకోడలు లేచింది. గ్రంథాలయం కింది గదిలో చిరిగిన పుస్తకాలను కుట్టి, అతికి, మళ్ళీ మనుషుల్లో పడేసే బైండరు ఆమె. ఆ నవలంటే ఆమెకు ప్రాణం. కనుక నియమం ప్రకారం దాన్ని చీల్చి చెండాడింది.

“ఈ రచయితకు మతిమరుపు. తొంభయ్యో పేజీలో బట్టలు కుట్టే ఆవిడని, ఉండమ్మా ఇప్పుడే వస్తాను అని గుమ్మంలో నిలబెడతాడు. మళ్ళీ రాడు. పుస్తకం అయిపోయింది. ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. నవ్వించడానికి వంద మాటలున్న మనిషికి, ఆవిణ్ణి ఇంట్లోకి పంపడానికి ఒక్క మాట దొరకలేదు.”

తలుపు దగ్గరి కుర్చీలో, వానకు తడిసిన చొక్కాతో కూర్చున్న ఒక యువకుడి ముఖం వాడిపోయింది.

కళ్ళజోళ్ళ దుకాణం అతనిది. హెడ్‌మిస్ట్రెస్‌కు కొత్త అద్దాలు అమర్చిన రోజున, అతని మాట తీరు నచ్చి, ఆమె ఈ సమావేశానికి పిలిచింది. పిలవడంలో రెండో ఉద్దేశం కూడా ఉందని ఇటు మేనకోడలికీ, అటు అతనికీ దాపరికం లేకుండా చెప్పింది. “ఒకరినొకరు చూసుకోండి. నచ్చితే సరి, లేకపోతే పుస్తకం గురించి మాట్లాడుకున్నట్టు.” అన్నీ చెప్పిన ఆ మహాతల్లి అసలు నియమం చెప్పడం మరిచిపోయింది. చెప్పాననే అనుకుంది. వానలో చిక్కుకుని అతను వచ్చేసరికి, ప్రతివారమూ మొదట్లో చదివే ఆ నియమం చదవడం అయిపోయింది. కుర్చీలు తేవడానికి కిందికి వెళ్ళిన బైండరుకు అతను ఎప్పుడు వచ్చాడో తెలియదు.

అందుచేత అతను తన మనసులో ఉన్నదే మాట్లాడాడు.

“నేను రోజంతా జనానికి అక్షరాలు చూపించి, కనిపిస్తోందా అని అడుగుతుంటానండీ. అందరికీ దూరానివే కనపడాలి. ఈ రచయిత ఒక్క వీధిని పట్టుకుని, ఒక అద్దం తీసి ఇంకో అద్దం పెట్టి, ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు అంటాడు. నేను పుట్టి పెరిగిన వీధిలో ఎవరెవరున్నారో ఈ పుస్తకం చదివాకే నాకు తెలిసింది. ఆయన తోవ తప్పలేదండీ. తోవలో ఉన్నవాళ్ళని తొక్కకుండా నడిచాడు.”

బైండరు చేతిలోని టీ చల్లారిపోయింది. ఆ నవల గురించి తాను చెప్పాలనుకుని, నియమం వల్ల చెప్పలేకపోయిన మాటలన్నీ ఎవరో తన తలలోంచి తీసి చదివినట్టున్నది. ఒక్క క్షణం అతన్ని కళ్ళార్పకుండా చూసింది. అతనూ చూశాడు.

అంతలోనే ఆమెకు నియమం గుర్తొచ్చింది. అతను మెచ్చుకున్నాడంటే, అతనికి ఆ నవల నచ్చలేదన్నమాట.

*

“ఏమంటావు అమ్మడూ?” ఇంటికి వెళ్ళాక అడిగింది అత్తయ్య.

“వద్దు అత్తయ్యా.”

“మనిషి బాగులేడా?”

“బాగున్నాడు.”

“మాట?”

“మాటే మరీ బాగుంది.”

అత్తయ్య కొత్త కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది. “అదేం జబ్బే?”

బైండరు మాట దాటేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అసలు అభిప్రాయాల ఊసెత్తకూడదన్న నియమం ఇంట్లోనూ అమల్లో ఉన్నది. ఆమె భయం మాత్రం చిన్నది కాదు. ఏ ఇష్టమూ లేకుండా అంత ఇష్టంగా మాట్లాడగలిగినవాడు, రేపు తనతోనూ అలాగే మాట్లాడితే? ఏది నిజమో ఎలా పోల్చుకోవడం? డాక్టరులా కాగితం బాగుందని తడబడి ఉంటే, పోనీలే, అబద్ధం చేతకాని మనిషి అనుకునేది.

అయినా ఆ వారమంతా జిగురు రాసినప్పుడల్లా ఎక్కువే రాసింది. ఒక నిఘంటువుకు అట్ట తలకిందులుగా అతికించి, అతికించాక చూసుకుని, తనను తానే తిట్టుకుంది. ఆ మనిషి కాదంటే కాదు. కాని అలాంటి మాటలు చెప్పేవాడు నిజంగా ఎక్కడైనా ఉంటే బాగుండునని, ఉండడని, ఆమె దిగులు.

*

మళ్ళీ వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం అతనే కింది గదికి వచ్చాడు. చేతిలో ‘అరువు నిచ్చెన’. వెన్ను విరిగి, పేజీలు రెండు కట్టలుగా విడిపోయి ఉన్నది.

“ఇది బాగవుతుందాండీ?”

ఆమె తీసుకుని తిప్పి చూసింది. “విసిరికొట్టారా?”

“నేనా? ఎందుకు?”

“నచ్చని పుస్తకాలను కొందరు గోడకేసి కొడతారు.”

“నచ్చనిది మీకు కదండీ. అయినా గోడకి కొట్టడం కంటే మీరన్న మాటలే గట్టిగా తగిలాయి.”

ఆమె దారం తెంపుతున్నది కాస్తా ఆగింది. “నాకు నచ్చలేదని మీకెవరు చెప్పారు?”

“మీరే. అందరి ముందూ. ఆ కుట్టుపనావిణ్ణి గుమ్మంలో నిలబెట్టి మరీ చెప్పారు. రెండుసార్లు చదివాను, నాకు తట్టనే లేదు. ఆ రాత్రి నుంచి ఆవిడ నా కళ్ళముందే నిలబడి ఉంది. సరే, నవల మీకు నచ్చకపోతే పోయింది, ఆవిడ గురించైనా మాట్లాడదామని వచ్చాను.”

“నాకు నచ్చింది కాబట్టే ఆ తప్పు చెప్పాను. నియమం అదే కదా.”

“ఏ నియమం?”

బైండరు అతని ముఖంలోకి చూసింది. నటన కోసం వెతికింది. కనిపించింది అయోమయమే.

“మీరు ఆ రోజు ఎప్పుడొచ్చారు?”

“డాక్టరుగారు కాగితం బాగుందంటున్నప్పుడు. ఆయన నిజంగానే కాగితం మెచ్చుకుంటున్నాడనుకుని, పాపం, చదవలేదేమో అనుకున్నాను.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని నియమం మొత్తం చెప్పింది. అతను విని, బల్ల అంచున కూర్చోబోయి, అక్కడ జిగురు ఉందని ఆమె చెయ్యి అడ్డుపెడితే ఆగిపోయాడు.

“అయితే నేను చెప్పిందంతా విని, నాకీ నవల పడదనుకున్నారా?”

“పడకపోయినా అంత బాగా పొగిడేవారనుకున్నాను. అది ఇంకా ఘోరం.”

“అందుకేనా మీ అత్తయ్యగారు, వద్దంటోంది నాయనా, మాటే మరీ బాగుందట, అని కబురంపారు? నాకు అర్థంగాక, అద్దం ముందు నిలబడి తడబడడం నేర్చుకుందామా అనుకున్నాను.”

ఈసారి ఆమె నిజంగానే నవ్వింది. కిటికీ మీద వాన పలచబడింది. అపార్థమైతే పోయింది. భయం ఇంకా పూర్తిగా పోలేదు. తెలిసో తెలియకో చెప్పినా, అందమైన మాటలు అందమైన మాటలే. ఆమె విడిపోయిన కట్టలను సరిచేస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

“మామగారి కునుకు గురించి ఏమంటారు?”

నవలలో ముసలి మామగారు మధ్యాహ్నం పడుకుంటే, ఆయన లేవకుండా ఇంటిల్లిపాదీ మునివేళ్ళమీద నడిచే అధ్యాయమది. నలభై పేజీలు. పుస్తకమంతటిలోనూ ఆమెకు అంతకంటే ఇష్టమైనది లేదు.

పొగిడితే పని అయిపోతుందని అతనికీ తెలుసు. ఆమె వేళ్ళు ఏ పేజీల దగ్గర నెమ్మదించాయో చూశాడు.

“అది చదవలేదండీ.”

“ఏమిటీ?”

“మొదటిసారి ఆయనతోపాటు నేనూ నిద్రపోయాను. రెండోసారి దాటేశాను. నిజంగా విసుగ్గా ఉంటుందండీ.”

“విసుగా? ఆ ఇంట్లో ఒకళ్ళంటే ఒకళ్ళకి ఎంత ప్రేమో అందులో తప్ప ఇంకెక్కడుంది? కోడలు గిన్నెని నేలమీద పెట్టకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చోలేదూ?”

“ఉండొచ్చండీ. నేను చూడలేదు.”

“రెండుసార్లు చదివానన్నారు.”

“అది తప్ప మిగతాదంతా చదివాను.”

“దాన్ని చదవడం అనరు,” అన్నది ఆమె, మంచు గడ్డలాంటి గొంతుతో.

“అనరేమో. మీకు నచ్చాలని, చదవనిదాన్ని చదివానని మాత్రం చెప్పలేను.”

ఆమె పుస్తకాన్ని, అతుకు ఊడకుండా అదిమిపట్టే ప్రెస్సులో పెట్టి మర బిగించింది. అవసరమైనదానికంటే గట్టిగానే బిగించింది. “రేపు రండి,” అన్నది. అతను గొడుగు లేకుండానే వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే అన్నది: “అత్తయ్యా, ఆ మనిషి మామగారి కునుకు దాటేశాడు.”

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి కిందపెట్టింది. ఆమె దృష్టిలో అది క్షమించదగిన నేరం కాదు. “నీతో చెప్పాడా? తనంతట తనే?”

“నేనడిగాను. విసుగ్గా ఉందన్నాడు. నా ముఖం మీదే.”

“అయితే వద్దని మళ్ళీ కబురంపనా?”

“వద్దు. రమ్మని పంపండి. వాళ్ళమ్మగారినీ నాన్నగారినీ కూడా తీసుకురమ్మనండి.” బైండరు కుర్చీ లాక్కుని కూర్చుని, రోజంతటి జిగురును వేళ్ళనుంచి నెమ్మదిగా ఒలుచుకోసాగింది. “ఆ నలభై పేజీలూ నేను చదివి వినిపిస్తాను. నిద్రపోతే లేపుతాను.”