తలుపు పడని బొమ్మ అంబులెన్సు

"వానలు పడకముందే మీ తండాకు అంబులెన్సు వస్తుంది. ఇది నా మాట."

మైకులో ఈ మాట చెప్పింది మా ఫౌండేషన్ డైరెక్టర్. చోటు రూప్లాతండా. బూర్గంపాడు దాటి అడవి అంచునే పోతే వాగు అవతల ఉంటుంది. వాన గట్టిగా పడితే ఆ వాగును బండి కాదు కదా, మనిషి కూడా దాటలేడు.

వానలు పడ్డాయి. అంబులెన్సు కూడా వచ్చింది. అరచేతిలో పట్టేంత.

అదొక రోబో బొమ్మ. చేతులు మడిచి, తల లోపలికి నొక్కి, కాళ్లు వెనక్కి తిప్పితే తెల్లటి అంబులెన్సు అవుతుంది. తండా పిల్లలకు తలా ఒకటి పంచి ఫోటోలు తీసుకున్నారు. "రూప్లాతండాకు అంబులెన్సులు అందజేశాం" అని సంవత్సర నివేదికలో సిగ్గులేకుండా అచ్చు వేసుకున్నారు. హక్కు అడిగిన చేతిలో బొమ్మ పెట్టడం దానం కాదు. వెక్కిరింత. అడవి బిడ్డల ప్రాణం మీద ఆడుకునే ఆట.

నా పేరు జస్టిన్. ఆ ఫౌండేషన్‌లో బొమ్మల్ని పరిశీలించడం నా పని. రంగు పోతుందా, అంచులు గీరుకుంటాయా, ఊడి గొంతులో పడే ముక్కలున్నాయా, చిన్న వేళ్లకు మడత తిరుగుతుందా అని చూడాలి. బాగుందని నేను సంతకం పెడితే మిగతా తండాలకూ ఇవే వెళ్తాయి. అసలు అంబులెన్సు సంగతి ఇక ఎవరూ ఎత్తరు.

నేను కిరాయికి ఉండేది బూర్గంపాడులో, జోజమ్మ పెద్దమ్మ ఇంట్లో. నా బల్ల మీద బొమ్మలు చూసినప్పుడల్లా ఆమె ఊరుకోదు.

"ఏంది బిడ్డా, ఎమ్మే చదివింది గీటితోని ఆడుకోనీకేనా?"

"ఆట కాదు పెద్దమ్మా, ఉద్యోగం."

"అవ్, ఓట్లకు వచ్చేటోళ్లు గూడ గట్లనే అంటరు."

పిల్లలు ఆడిన తర్వాత బొమ్మలు ఎలా తయారయ్యాయో చూడాలి కాబట్టి ఓ మధ్యాహ్నం తండాకు వెళ్లాను. మబ్బు బాగా కిందికి దిగి ఉంది. పచ్చి ఆకుల వాసన, పత్తి చేలల్లో కొట్టిన మందు వాసన కలిసి గొంతులో పట్టుకుంటున్నాయి. పిల్లలు బొమ్మలు తెచ్చి నా సంచిలో వేశారు. ఒకదానికి చేయి లేదు, ఇంకోదానికి చక్రం లేదు.

రూప్‌సింగ్ అన్న చూరు కింద కూర్చొని ఉన్నాడు. తల ఎత్తలేదు. బొమ్మలు పంచిన కొద్దిరోజులకే అతని కూతురు సంగీతను చేనులో పాము కరిచింది. మంచం మీద మోసుకొచ్చారు. వాగు పొంగింది. ఒడ్డునే ఆగిపోయారు.

"ఫోన్ జేస్తే వస్తున్నం, వస్తున్నం అంటరు సారూ," అంది తల్లి ద్వాలి. ఆమె కళ్లల్లో నీళ్లు లేవు. "నా బిడ్డ మంచంల పండుకొనే బొమ్మ మడుస్తున్నది. తక్, తక్ అని. మడిచి నాకు చూపించింది. 'యాడీ, అంబులెన్సు వచ్చింది, ఎక్కుదాం' అన్నది. గంతే."

యాడీ అంటే లంబాడీలో అమ్మ. నాకు తెలిసిన లంబాడీ మాట అదొక్కటే.

అప్పుడే డైరెక్టర్ ఫోన్. చేతుల్లో బొమ్మలు ఉండటంతో స్పీకర్ పెట్టాను.

"అన్నీ వెనక్కి వచ్చాయా?"

"ఒకటి రాదు సార్. చనిపోయిన పాపతో పాటు పూడ్చారు."

"అదీ తెప్పించు. మట్టిలో, తడిలో ఎలా ఉందో తెలిసేది దానితోనే కదా. కడిగి పంపు."

తల్లి ముందు. ఆ తల్లి ముందు! ఫోన్ కట్ చేశాను.

ద్వాలి దగ్గరికి వచ్చింది. గొంతు బాగా తగ్గించింది.

"పెండ్లి గాని పిల్లల్ని మేం కాల్చం సారూ. మన్నుల పెడతం. చేతిల ఉన్నది చేతిలనే ఉంచుతం. దాన్ని మళ్ల అడగొద్దు. అడిగినోళ్ల దగ్గరికి అదే నడుసుకుంట వస్తదని మా అత్త చెప్పేది."

"నేను ముట్టను అక్కా."

రూప్‌సింగ్ అన్న మొదటిసారి తల ఎత్తాడు. నవ్వాడు. "మీ సారుకు చెప్పు తమ్మీ. మాకు రోడ్డు లేకున్నా, అది వస్తది."

గదికి చేరేసరికి సాయంత్రమే చీకటైంది. వాన మొదలైంది. సంచి బల్ల మీద కుమ్మరించాను. విరిగినవి, గీతలు పడినవి, రంగు పోయినవి. వాటి మధ్య నేను తండాలో చూడనిది ఒకటి ఉంది. అంబులెన్సులా మడిచి ఉంది. చక్రాల సందుల్లో తడి ఎర్రమన్ను. ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే తవ్విన నేల వాసన.

ఎవరో పిల్లలు బురదలో ఆడి ఉంటారనుకున్నాను. పని మొదలుపెట్టాను. రంగు పోలేదు. అంచులు నున్నగా ఉన్నాయి. కాళ్లు లాగి, చేతులు విప్పి, తల పైకి తీసి రోబోగా నిలబెట్టాను.

కరెంటు పోయింది.

రేకుల మీద వాన. దూరంగా ఒక కుక్క. తర్వాత అదీ ఆగిపోయింది.

తక్.

సెల్‌ఫోన్ వెలుగు వేశాను. బొమ్మ నిలబడే ఉంది. ఒక చేయి మడుచుకొని ఉంది. నేను మడవలేదు.

తక్... తక్.

రెండో చేయి. తల. నెమ్మదిగా... నేర్చుకుంటున్న పిల్ల మడిచినట్టు... ఒకసారి తప్పు తిప్పి, మళ్లీ సరిచేసుకొని...

తలుపు అవతల జోజమ్మ పెద్దమ్మ గుసగుస.

"బిడ్డా... లోపల ఆడపిల్ల ఎవరు?"

"ఎవరూ లేరు పెద్దమ్మా."

"మరి యాడీ, యాడీ అనుకుంట పిలుస్తున్నదెవరు?"

నాకు ఏ గొంతూ వినపడలేదు. తక్, తక్ తప్ప.

బొమ్మ పూర్తిగా అంబులెన్సు అయింది. వెనక తలుపు దానంతట అదే తెరుచుకుంది. బొటనవేలంత తలుపు. అందులోంచి చలిగాలి నా మణికట్టు మీదికి వచ్చింది. వేలితో మూశాను. పడలేదు. గట్టిగా నొక్కాను. లోపలి నుంచి ఎవరో నొక్కారు. చిన్న వేళ్ల బలం... వదలని బలం.

చేయి వెనక్కి తీసుకున్నాను. గోడకు ఆనుకొని నిలబడ్డాను. ఒళ్లంతా చెమట. అయినా నాలో కోపమే పైకి వచ్చింది.

"మాట ఇచ్చింది నేను కాదమ్మా," అన్నాను చీకటిలోకి. "ఇచ్చినాయన హైదరాబాదులో ఉన్నాడు."

వాన ఒక్క క్షణం ఆగినట్టనిపించింది.

తెల్లారేసరికి బల్ల మీద మిగతా బొమ్మలే ఉన్నాయి. బల్ల మీంచి గోడ మీదుగా నేలకు, నేల నుంచి గడప దాకా, సన్నటి ఎర్రటి చక్రాల గీతలు. గడప అవతల వానకు చెరిగిపోవాల్సినవి, చెరగలేదు. తల్లాడ మీదుగా హైదరాబాదు పోయే బస్సులు ఆగే వైపు తిరిగి ఉన్నాయి.

తండాకు వెళ్లి చూశాను. సంగీతను పెట్టిన మట్టి మీద గడ్డి మొలిచింది. ఒక్క పరక కదలలేదు, ఎవరూ తవ్వలేదు.

నా పరిశీలన రాసేశాను. పిల్లలకు ఇవ్వదగినది కాదు. సంతకం లేదు. ఉద్యోగం ఉంటుందో పోతుందో వాళ్ల ఇష్టం. మౌనంగా ఉండటం కూడా చంపడమే.

కొద్దిరోజులకు డైరెక్టర్ ఫోన్ చేశారు.

"ఆ మురికి బొమ్మ ఎవరితో పంపావ్?"

"పంపలేదు సార్."

"నా బల్ల మీద ఉంది. గదికి తాళం. తాళం చెవి నా దగ్గరే ఉంది."

ఆయన మాటల వెనక చిన్నగా వినిపించింది. తక్... తక్.

"దాని వెనక తలుపు చూడండి సార్. మూసి ఉందా?"

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. తర్వాత ఆయన గుసగుసలాడారు.

"తెరిచి ఉంది... లోపల ఎవరూ లేరు."

అంటే ఎక్కవలసిన వాళ్ల కోసం ఆగి ఉందన్నమాట.

డైరెక్టర్ గారూ, ఆ రోజు నుంచి మీరు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే నలుగురూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను. నా సంతకం లేకున్నా అక్టోబర్ రెండున మిగతా తండాల్లో ఇవే బొమ్మలు పంచుతారట. ఆపండి. రూప్లాతండాకు అసలు అంబులెన్సు ఎప్పుడో, ఆ మైకులోనే, ఆ జనం ముందే చెప్పండి.

ఇలా గడువు పెడుతున్నానని ద్వాలి అక్కకు ఫోన్‌లో చెప్పాను.

"పెట్టు సారూ. అప్పటిదాక తలుపు తెరిచే ఉంటది," అంది.

తలుపు సంగతి నేను ఆమెకు చెప్పలేదు.

జవాబు సెప్టెంబర్ ముప్పై లోగా రావాలి.