కాత్యాయని కూర్చిన కంప్యూటర్

“కంప్యూటర్ మీ నాన్న ఇంట్లో పెడతావా...?!”

కాత్యాయని చేతిలోని స్క్రూడ్రైవర్ బల్లమీద జారిపడింది. శ్రీజ తల వంచుకుంది.

“అక్కడ నాకు సపరేట్ రూమ్ ఉండాది కదమ్మా. ఇక్కడున్నది ఒకటే గది. దీని ఫ్యాన్ల సౌండుకు నీకు నిద్ర పట్టదు. తెల్లారి అయిదుకే లేస్తావు నువ్వు...”

కాత్యాయనికి విడాకులై రెండేళ్ళయింది. కూతురు వారంలో అయిదు రోజులు హూడిలో తల్లి దగ్గర, శని ఆదివారాలు జయనగరలో తండ్రి రాజగోపాల్ దగ్గర ఉంటోంది. ఇక్కడున్నన్నాళ్ళూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేది. తల్లి పది అడిగితే ఒకటి చెప్పేది. అలాంటిది, సొంతంగా గేమింగ్ కంప్యూటర్ కట్టుకుంటానని మొదలుపెట్టిన ఈ నెలరోజుల్లో ఆ ఇంట్లో మళ్ళీ మాటలు వినిపించాయి! ఏ కార్డు ఎంత కరెంటు తింటుంది, ఏ డబ్బాలో ఏది పడుతుంది అని ఇద్దరూ నోటుబుక్కులో బొమ్మలు గీసుకున్నారు. ప్రాసెసర్ పెట్టేరోజు శ్రీజ చేతులు వణికాయి. “పిన్నులు వంగితే అంతేనమ్మా!” అని ఏడ్చినంత పని చేసింది. రక్తపరీక్షల ల్యాబులో పసిపిల్లల నరాలు వెతికి పట్టుకునే కాత్యాయని వేళ్ళు, దాన్ని మెల్లగా, సరిగ్గా కూర్చోబెట్టాయి. ఆ సంతోషంలో శ్రీజ తల్లిని గట్టిగా కావలించుకుంది... ఎన్నాళ్ళకో!

ఇక కంప్యూటర్ ఎక్కడుంటే పిల్ల అక్కడే. అది తెలుసు గనకే కాత్యాయని తన మంచం వంటగట్టు పక్కకు జరుపుకుని, కిటికీ దగ్గర దానికి చోటు చేసింది.

ఇప్పుడు స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో తనివితీరా ఏడ్చింది. ముఖం కడుక్కుని బయటికొచ్చి, “పద, నేనూ వస్తా. గుంతల్లో ఆటో ఎగిరితే కార్డు ఊడిపోతుంది. ఒళ్ళో పెట్టుకుంటా” అంది.

దారి పొడుగునా కంప్యూటర్‌ను రెండు చేతులతో చుట్టి పట్టుకుంది.

తలుపు తీసిన రాజగోపాల్ ఒక్కక్షణం తడబడ్డాడు. “రండి... కాఫీ తాగుతారా?”

పద్దెనిమిదేళ్ళు ‘నువ్వు’ అన్న మనిషి! ఆ ‘మీరు’ ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. “వద్దండీ” అని, శ్రీజ గదిలో నేలమీద కూర్చుని కేబుళ్ళు ఒక్కొక్కటే బిగించింది. మీట నొక్కగానే లోపలి లైట్లు వెలిగాయి. తెర మీద వెలుతురొచ్చింది!

శ్రీజ చప్పట్లు కొట్టి నవ్వింది. “ప్రాసెసర్ పెట్టింది అమ్మే నాన్నా! నాకైతే చేతులు వణికినాయి.”

రాజగోపాల్ కాత్యాయని చేతులకేసి చూశాడు. “నీ చెయ్యి ఎప్పుడూ వణకదు...” అన్నాడు మెల్లగా. ‘మీరు’ అనడం మరిచిపోయాడు. ఆమె కళ్ళెత్తలేదు.

“నీ పుస్తకాలు, బట్టలు శనివారం తెచ్చిస్తానమ్మా” అంది కూతురితో.

శ్రీజ నవ్వు ఆగిపోయింది. “నిన్ను వదిలేసి వచ్చేస్తాండానా అమ్మా నేను...?”

“లేదు తల్లీ! నీకు ఎక్కడ బాగుంటే అక్కడుండు. నాకేం కోపం లేదు. నిజం...”

శ్రీజ ఏడుస్తూ మెడ చుట్టుకుంది. కాత్యాయని వీపు నిమిరి, ఆ చేతులను మెల్లగా విడిపించుకుని మెట్లు దిగింది. వీధిలో ఆటో ఎక్కబోతుంటే పైనుంచి పిలుపు వినబడింది.

“అమ్మా! ఇంటికి చేరినాక ఫోన్ చెయ్యి!”

రెండేళ్ళుగా ప్రతి శనివారం ఆ మాట తనే కూతురితో అనేది. “చేస్తానమ్మా...” అంది కాత్యాయని. ఆ జవాబు మేడ మీదికి వినిపించే అంత గట్టిగా రాలేదు.