కూతుర్ని వదిలిన కవయిత్రి

శనివారం పొద్దున నాగరత్నం వంటింట్లో పులిహోర కలుపుతోంది. ఉప్పు సరిపోయిందో లేదో మళ్ళీ మళ్ళీ రుచి చూసుకుంటోంది. ఈవేళ ఆవిడకు ఏ పని మీదా నమ్మకం కుదరడం లేదు. మనవరాలు మనస్విని మధ్యాహ్నం విమానానికి జర్మనీ వెళ్ళిపోతోంది. కొడుకు త్రినాథ్ కూతురితో మాట్లాడటం మానేసి వారమైంది.

వాళ్ళు ఐర్లాండ్‌లోని సిటీవెస్ట్‌లో ఆ ఫ్లాటు కొన్నప్పటి నుంచి చుట్టూ ఆఫీసులు లేస్తూనే ఉన్నాయి. త్రినాథ్ కంపెనీలోనే మనస్వినికీ ఉద్యోగం వచ్చింది. ఇంటి నుంచి నడిచి వెళ్ళొచ్చు. ఆ పిల్ల వద్దంది. లైప్‌జిగ్‌లో ఉండి ఇర్మా హోల్ట్‌సెన్ అనే కవయిత్రి మీద పరిశోధన చేస్తానంది.

ఇర్మా సంగతి నాగరత్నానికి బాగానే తెలుసు. బడి మొహం చూడని నాగరత్నం పచారీ పొట్లాల కాగితాలు విప్పి అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. ఇప్పుడు దొరికిందల్లా చదువుతుంది. చలికాలమంతా మనస్విని ఆ కవితలను తనకొచ్చిన తెలుగులో చెబుతుంటే, ఈవిడ మాటలు సరిచేసింది. జర్మనీ రెండు ముక్కలై ఉన్న రోజుల్లో ఇర్మా తన ఏడేళ్ళ కూతుర్ని తల్లి దగ్గర వదిలి తూర్పు నుంచి పడమటికి వెళ్ళిపోయింది. తూర్పువాళ్ళు ఆమెను ద్రోహి అన్నారు. పడమటివాళ్ళు ముందు చప్పట్లు కొట్టారు. "వెళ్ళినందుకు నాకు పశ్చాత్తాపం లేదు" అని ఆమె రాసేసరికి వాళ్ళూ రాతిగుండె మనిషన్నారు. నాగరత్నం కూడా ఆమెను చాలాసార్లు తిట్టింది. తిట్టిన మర్నాడే, "ఇంకోటి చదవ్వే" అని మనవరాలి పక్కన చేరేది.

సూట్‌కేసు గుమ్మం దగ్గరికి వచ్చాక గానీ త్రినాథ్ నోరు విప్పలేదు.

"కన్నబిడ్డను గాలికొదిలేసిన మనిషి. అలాంటిదాని కోసం నాలుగేళ్ళు తగలేస్తావా?"

"ఆమెను మెచ్చుకోడానికి వెళ్ళట్లేదు నాన్నా. వై షీ డిడ్ ఇట్, అది తెలుసుకోడానికి."

"తెలుసుకునేదేముంది? నువ్వూ అదేగా చేస్తున్నావు, మమ్మల్ని వదిలేసి!"

"కమాన్ నాన్నా, జర్మనీ ఇక్కడికి దగ్గరే! నువ్వు అమలాపురం నుంచి ఐర్లాండ్ వచ్చావు. నిన్నెవరైనా రాతిగుండె అన్నారా?"

"మనూ, ఊరుకో" అంది తల్లి కిరణ్మయి. అన్నదే గానీ, ఆమె పెదవుల మీద నవ్వు దాగలేదు.

త్రినాథ్‌కు అది ఇంకా మండింది. "నేనొచ్చింది ఈ ఇల్లు నిలబెట్టడానికి. నేను ఎయిర్‌పోర్టుకి రాను. ట్రాములున్నాయి, బస్సులున్నాయి. పో."

"గ్రాండ్" అంది మనస్విని. ఇక్కడి పిల్లలు బాగున్నా, బాగోకపోయినా అదే మాట అంటారు. నాన్నమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టి, తల్లిని కావలించుకుని, సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

నాగరత్నం కిటికీ దగ్గర నిలబడింది. పిల్ల ఇంకా మలుపు తిరగనే లేదు, వెనక హోరుమని చప్పుడయింది. త్రినాథ్ వాక్యూమ్ క్లీనర్ ఆన్ చేశాడు. శనివారం ఇల్లు శుభ్రం చేయడం అతని వంతు. కోపమొస్తే ఆ పని ఇంకా విసురుగా చేస్తాడు. సూట్‌కేసు నిలబెట్టిన చోటి నుంచే మొదలుపెట్టాడు.

నాగరత్నం గబగబా వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

"ఏంటమ్మా!"

"మనిషి గడప దాటగానే ఊడుస్తార్రా? ఇదేమన్నా శవం లేచిన కొంప అనుకున్నావా?"

త్రినాథ్ చేతిలోని గొట్టం కింద పెట్టేశాడు. అతనికి తెలియని సంగతి కాదు. చిన్నప్పుడు తను పరీక్షలకు కాకినాడ వెళ్తే, చేరినట్టు కబురు వచ్చేదాకా ఈ తల్లి చీపురు ముట్టేది కాదు.

"మర్చిపోయానమ్మా. శనివారం కదా అని..."

"నువ్వు మర్చిపోయావు. మా నాన్న కావాలనే చేయించాడు." నాగరత్నం ప్లగ్గు చేతిలో పట్టుకునే నిలబడింది. "మా సరోజక్క తనకు నచ్చినవాణ్ణి చేసుకుని వెళ్ళిపోతుంటే, రిక్షా ఇంకా వీధిలో ఉండగానే మా అమ్మ చేత ఇల్లంతా ఊడ్పించాడు. అక్క వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ రాలేదురా. అది పోయిన సంగతి కూడా పరాయివాళ్ళు చెబితే తెలిసింది."

కొడుకు సోఫా అంచున కూలబడ్డాడు.

"ఆ ఇర్మా కూడా అదే రాసింది" అంది నాగరత్నం. "తను వీధి చివరికి చేరకముందే తల్లి కిటికీ మూసేసిందట. తిట్టినా బాగుండేది, ఆ తిట్టైనా నా వెంట వచ్చేది అని రాసింది. పశ్చాత్తాపం లేదన్న మనిషే ఈ మాటా రాసింది. జనం మొదటిదే పట్టుకున్నారు."

"నాకు భయమేస్తోందమ్మా. అది ఇక మనది కాకుండా పోతుందేమోనని."

"నాకూ భయమేరా. భయపడుతూనే వెళ్ళి దింపిరా."

త్రినాథ్ కారు తాళాలు అందుకుని ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే పరిగెత్తాడు.

అత్తాకోడళ్ళు ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నారు. చివరికి ఫోను మోగింది. తెర మీద తండ్రీకూతుళ్ళు పక్కపక్కనే ఉన్నారు. ఇద్దరి ముక్కులూ ఎర్రగా ఉన్నాయి.

"నాన్నమ్మా, చూడు! ఎయిర్‌పోర్టుకి ఈ చెప్పులతో వచ్చాడు. పైగా వచ్చే నెల నా దగ్గరికి వస్తాడట. నన్ను అడగను కూడా లేదు!"

"అడిగేదేంటి, నీ గది చూసుకోవద్దా?" అన్నాడు త్రినాథ్.

కిరణ్మయి కొంగుతో మొహం తుడుచుకుంటూ పైకే నవ్వేసింది.

"నాన్నమ్మా, లోపలికి వెళ్ళాలి. ఏమైనా చెప్తావా?"

నాగరత్నం ఫోను దగ్గరికి లాక్కుంది.

"ఇర్మా కూతురు బతికే ఉందా?"

"ఉందనే అనుకుంటున్నా. ముసలావిడ అయ్యుంటుంది."

"ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళి కూర్చో. తల్లి తప్పా ఒప్పా అని అడక్కు. అమ్మ వెళ్ళిపోయిన పూట నీకు అన్నం ఎవరు పెట్టారమ్మా అని అడుగు."

"అన్ని పుస్తకాలు చదివాను నాన్నమ్మా. ఎవ్వరూ ఇది అడగలేదు" అంది మనస్విని. తర్వాత కళ్ళు తుడుచుకుని నవ్వింది. "ఫస్ట్ అదే అడుగుతా."

తండ్రి చేతి నుంచి బ్యాగు అందుకుని, వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూ, నవ్వుతూ లోపలికి వెళ్ళింది.

నాగరత్నం గట్టిగా ఊపిరి వదిలింది.

"కిరణ్మయీ, కంచాలు పెట్టమ్మా. ఆకలేస్తోంది."