పియానో పేరంటాలు

విశాఖపట్నం వన్ టౌన్‌లో, హార్బరు గోడకి ఆనుకుని ఒక సందు ఉంది. పేరు చెప్పను, చెబితే అక్కడివాళ్ళు నన్ను తంతారు. ఆ సందు చివరి పెంకుటింటిని పియానో ఇల్లంటారు. దీపాలు పెట్టే వేళ దాటాక అటు ఎవరూ వెళ్ళరు. మీటరు చూసేవాడు పట్టపగలే వచ్చి, గుమ్మం బయటి నుంచే మెడ సాచి చూసుకుని పోతాడు. ఫోన్లో ఆర్డరిస్తే బిర్యానీ తెచ్చేవాళ్ళు సందు మొగలోనే ఆగి, "మీరే రండి సార్" అంటారు.

ఎందుకంటే... ఆ ఇంట్లో ఒక పియానో ఉంది. దాన్ని ఎవరూ వాయించరు. అయినా మోగుతుంది.

టిం...

కాసేపు ఏమీ వినబడదు. మనదే భ్రమ అనుకుంటాం. అప్పుడు... డుం... టింటిం...

ఒక దొరసాని అంటారు. ఓడెక్కి వెళ్ళిన దొర కోసం వాయిస్తూ వాయిస్తూ ప్రాణం వదిలిందని ఒకరు. కాదు, కలరా అని ఒకరు. చేపముల్లు గొంతులో ఇరుక్కుందని ఇంకొకరు. ఆవిణ్ణి చూసినవాళ్ళు ఎవరూ లేరు, చూశామని చెప్పేవాళ్ళు మాత్రం సందు నిండా ఉన్నారు.

ఇదంతా నాకు దేవీప్రసాద్ చెప్పాడు. స్టీలు ప్లాంటులో మేమిద్దరం ఒకే మిల్లులో పనిచేశాం. ఎర్రగా కాలిన ఇనుము పక్కన జీవితమంతా నిలబడ్డ మనిషి దెయ్యానికి జడుస్తాడా? జడవలేదు. అందుకే రిటైరవుతూ, ఎవరూ కొనని ఆ ఇల్లు కొన్నాడు. సముద్రపు గాలి వస్తుందని మురిసిపోయాడు. గాలితోపాటు హార్బరు బొగ్గుపొడి కూడా వస్తుందని అమ్మినవాడు చెప్పలేదు, ఇతను అడగలేదు.

వాళ్ళావిడ కుసుమకుమారిది కోనసీమ. ఇల్లు చూద్దామని వచ్చింది. హాల్లో సగం ఆక్రమించుకుని, నల్లగా, బీరువాలా నిలబడి ఉంది పియానో. ఆవిడ గడపలో కాలు పెట్టిందో లేదో... టిం... అంది.

"అది బయటికెళ్తేనే నేను లోపలికొస్తాను" అని, ఆవిడ వచ్చిన ఆటోలోనే వెనక్కి వెళ్ళిపోయింది.

క్వార్టరేమో ఖాళీ చెయ్యాలి. ముందర ఆషాఢం కాచుకుని ఉంది. పాలు పొంగించాలంటే జ్యేష్ఠం దాటకూడదు. ఈలోగా పియానో కొనేవాడు దొరక్కపోతే సామాన్లు ఒకచోట, పెళ్ళాం ఒకచోట, తనొకచోట. ఊరికే ఇచ్చేస్తానన్నా ట్రాలీవాళ్ళు దాన్ని ముట్టుకోమన్నారు.

ఫోన్లో ప్రకటన పెట్టాడు. మన జనం సంగతి తెలిసిందేగా. ఫొటో కూడా చూడకుండా "లాస్ట్ ప్రైస్?" అన్నవాళ్ళు కోకొల్లలు. దీనికి బ్లూటూత్ ఉందా అని ఒకాయన అడిగాడు. పాత వాషింగ్ మెషీన్‌తో మార్చుకుంటారా అని ఇంకొకావిడ. చివరికి భీమిలిలో రిసార్టు నడిపే సాయిశంకర్ అనే ఆయన వస్తానన్నాడు. లోపలి తీగలన్నీ పీకించేసి, చేతులు కడుక్కునే బేసిన్ పెట్టిస్తాడట. పాత వస్తువులంటే అంత గౌరవం ఆయనకి.

సాయంత్రం వచ్చాడు. మబ్బు పట్టి ఉంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"బాగుంది బాగుంది" అంటూ పియానో మూత మీద బొగ్గుపొడి తుడిచాడు. మూత తెరవబోయాడు... చెయ్యి ఇంకా ఆనించనేలేదు...

డుం...

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"మీరేనా... వాయించింది?" అన్నాడు మెల్లగా.

"నేను గుమ్మంలో ఉన్నానండీ" అన్నాడు దేవీప్రసాద్.

టింటింటిం...

రిసార్టు యజమాని పరిగెత్తాడు. ఒక చెప్పు మాత్రం హాల్లో ఉండిపోయింది.

మర్నాడు సందు మొగలో ఇళ్ళ బేరాలు చేసే అప్పలసూరి, దేవీప్రసాద్‌ని టీకొట్టు దగ్గర పట్టుకున్నాడు.

"బావా, నాను సెప్తన్నాను ఇను. దెయ్యం అంటే ఎవుడు కొంతాడు? పేరంటాలు అను."

"దొరసాని పేరంటాలేంటయ్యా?"

"అయితే ఏటి? ఆవిడ పోయినప్పుడు దొర బతికే ఉన్నాడా, నేడా?"

"ఉండే ఉంటాడు. ఓడలో ఉన్నాడంటున్నారుగా."

"మరింకేటి! మొగుడుండగా పోయింది, పసుపుకుంకాలతో పోయింది. పేరంటాలే! ఇంట్లో ఎట్టుకుంటే కలిసొత్తాది అని రాయి. ఎగబడతారు."

మొగుడుండగా పోయిన ఇల్లాలు పేరంటాలై ఇంటిని చల్లగా చూస్తుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. దేవీప్రసాద్‌కి అది మంచి అమ్మకం కిటుకులా కనబడింది, ప్రకటన అలాగే మార్చి రాశాడు. అప్పలసూరి చాలా తెలివైనవాడు. కొనేవాళ్ళ గురించి అంతా ఆలోచించాడు. సందులో ఆడవాళ్ళ గురించే మర్చిపోయాడు.

శుక్రవారం తలుపు తీసేసరికి పసుపు గిన్నెతో జోగమ్మ నిలబడి ఉంది. ఆ సందుకి పెద్ద ఆవిడే. వెనకాల సందంతా ఉంది.

"ఇన్నాళ్ళూ దెయ్యమనుకున్నాం బాబూ, తప్పయిపోనాది. తప్పుకో" అంది.

అతను తప్పుకున్నాడు. తప్పుకోక ఏం చేస్తాడు?

పియానోకి పసుపు రాశారు, బొట్లు పెట్టారు. అక్కడే గొడవ మొదలైంది. దొరసానికి చీర పెట్టాలా, గౌను పెట్టాలా? మా పేరంటాలు చీరే కడుతుందని జోగమ్మ. తెల్లోళ్ళ మనిషికి చీర కట్టుకోవడం వస్తుందా అని పక్కింటి నూకాలు. చివరికి రెండూ పెట్టారు. పులిహోర కారమంటుందేమోనని పక్కనే బన్నూ, కేకూ. కొబ్బరికాయ కొట్టి చిప్పలు కింద పెట్టారు. తెల్లారేసరికి కొబ్బరి లేదు! సందంతా ఒళ్ళు గగుర్పొడిచి దణ్ణాలు పెట్టింది.

ఈ గోల విని, మొగుణ్ణి నాలుగు దులుపుదామని కుసుమకుమారి వచ్చింది. గడప బయటే నిలబడింది.

"వొదినా, ఇంటావిడివి నువ్వు నేకుండా నిన్న సీర ఎట్టేసినాం. ఏటీ అనుకోకు. నీ సేత్తో మళ్ళీ ఎట్టు, రా" అని జోగమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

అంతే. ఆ జ్యేష్ఠంలోనే పాలు పొంగాయి. దేవీప్రసాద్ నోరు తెరుచుకుని చూశాడు.

కానీ మూసుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. పొద్దువాలితే హాలంతా ఆడవాళ్ళే. టీవీ వంటింటికి పోయింది. అతని మంచం అరుగు మీదికి వచ్చింది. పొద్దున్నే లేస్తే మొహం నిండా బొగ్గుపొడి. తన ఇంట్లో తనకి చోటు లేదు. అప్పుడే ఆశాజ్యోతి అనే సంగీతం టీచరు ఫోన్ చేసింది. పియానో ఎలా ఉన్నా ఫర్వాలేదు, బాగుచేయించుకుని పిల్లలకి నేర్పుతానంది. అన్నాళ్ళలో సవ్యంగా మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే.

ఎప్పుడు రమ్మనాలి? సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున రమ్మన్నాడు. ఆ రోజు సందులో ఆడవాళ్ళందరూ కొండ చుట్టూ నడవడానికి పోతారు. కుసుమకుమారీ వాళ్ళతో వెళ్ళింది. దేవీప్రసాద్ నడుం నొప్పి అని ఉండిపోయాడు.

పొద్దు గూకింది. సందు ఖాళీ. వాన మొదలై కరెంటు పోయింది. టీచరు వేరే ఊరి నుంచి తెస్తానన్న ట్రాలీ ఇంకా రాలేదు. చీకట్లో అతనూ, పసుపు రాసిన పియానో... అంతే.

టిం...

"ఎన్నోసార్లు విన్నదే కదా, ఆరోజు మాత్రం భయమేసిందిరా" అన్నాడు నాతో. అమ్మేస్తున్నానని దానికి తెలిసిపోయిందేమో అనిపించిందట.

డుం... డుం...

అప్పుడు... పెరటి తలుపు కిర్రుమంది. వేసిన తలుపే. తడి కాళ్ళ చప్పుడు. వంటింట్లోంచి హాల్లోకి... మెల్లగా... ఒక ఆడమనిషి. దీపం లేదు. జుట్టు విరబోసుకుని ఉంది. నేరుగా పియానో ముందుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. పియానో వాయించే మెట్ల కింద ఉన్న పెద్ద చెక్కపలక మీద వేలితో తట్టింది.

"వచ్చానే తల్లీ... వచ్చాను..."

దేవీప్రసాద్ గోడకి అతుక్కుపోయాడు. చేతిలో ఫోను జారి నేల మీద పడింది. దాని వెలుతురు కప్పుకేసి కొట్టింది.

ఆడమనిషి గిర్రున తిరిగింది.

"దొంగలా చీకట్లో ఏం చేస్తున్నారండీ!" అంది కుసుమకుమారి.

"నువ్వు... ప్రదక్షిణ?"

"హనుమంతవాక దాకా నడిచాను. ముక్క పెట్టలేదని గుర్తొచ్చింది. మోకాలు పట్టేసిందని చెప్పి ఆటో ఎక్కాను. వానలో తడిసి చచ్చాను."

"ఎవరికి ముక్క?"

ఆవిడ చెక్కపలక పక్కకి జరిపింది. ఫోను వెలుతుర్లో, తీగల వెనక, చిరిగిన గౌను గుడ్డల మధ్య ఒక పందికొక్కు. దాని చుట్టూ పిల్లలు. తల్లి కొబ్బరి వాసన పట్టి కదిలింది. వీపు తీగకి తగిలింది. టిం...

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"జోగమ్మ లోపలికి లాక్కొచ్చిన రోజు నుంచీ. చీర పెడుతుంటే తోక కనబడింది."

"మరి వాళ్ళకి చెప్పలేదేం?"

ఆవిడ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఇన్నేళ్ళు క్వార్టర్స్‌లో ఉన్నాం. పక్కింటావిడ పేరేంటో మీకు తెలుసా? నాకూ సరిగ్గా తెలీదు. మీరు డ్యూటీకి పోతే గోడలతో మాట్లాడుకునేదాన్ని. ఈ ఇంటికి రావడానికి దెయ్యమని భయపడలేదండీ, పియానో ఒక వంకే. ఇక్కడా అంతే అవుతుందని భయపడ్డాను. ఇప్పుడు పొద్దువాలితే ఇల్లంతా మనుషులు. మొన్న జ్వరమొస్తే నాలుగిళ్ళ నుంచి చారు వచ్చింది. ఇది పందికొక్కని తెలిస్తే వాళ్ళింక నా దగ్గరికి ఎందుకొస్తారు?"

ఇల్లు తనకి మిగల్లేదని ఏడుస్తున్నాడు దేవీప్రసాద్ ఇన్నాళ్ళూ. ఆవిడకి ఇన్నేళ్ళూ ఇల్లే లేదని ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

సందు మొగలో ట్రాలీ హారను మోగింది.

కుసుమకుమారి మొహం పాలిపోయింది. అంతా అర్థమైంది ఆవిడకి. అతను ఆవిడ చేతిలో కొబ్బరి ముక్క తీసుకుని లోపల పెట్టాడు, పలక మూశాడు, గొడుగు వేసుకుని బయటికి వెళ్ళాడు.

"ఏమీ అనుకోకండి మేడమ్. ఇక అది అమ్మడం లేదు."

"అయ్యో! ఎందుకండీ?" అంది ఆశాజ్యోతి.

"మా ఆవిడ... వాయించుకుంటోంది."

ఇంట్లోంచి వినబడుతూనే ఉంది. డుం... టిం... డుండుం...

టీచరు వానలో నిలబడి, కళ్ళు మూసుకుని కాసేపు శ్రద్ధగా వింది.

"శ్రుతి మొత్తం పోయిందండీ" అంది చివరికి. "కానీ ఎడమ చెయ్యి చక్కగా పడుతోంది. సాధన మానొద్దని చెప్పండి."