ఋషికుల్య వంతెన కింద తీపి బాంబు

"బాంబుతో సహా పట్టుకోవాలి. ఉత్త చేతులతో దొరికితే స్విస్ పాస్‌పోర్టు చూపించి నవ్వుతాడు" అన్నాడు ఛత్రపూర్ ఆఫీసులో బాస్.

యుద్ధం రోజులు. కొత్త ఒరిస్సా ప్రావిన్సు మీదుగా సైనికుల రైళ్లు కలకత్తా వెళుతున్నాయి. అందులో ఒకదాన్ని ఋషికుల్య వంతెన మీద పేల్చాలని శత్రుదేశపు ముఠా ప్లాను. నాయకుడు డాక్టర్ కెస్లర్, కెమిస్టు.

"వాసవీకుమారిని నమ్మొచ్చా?" అడిగాడు ఏజెంట్ వైకుంఠరావు.

"ఆవిడ మనకీ పనిచేస్తుంది, వాడికీ పనిచేస్తుంది. మోసం ఎవరికో ఆవిడకే తెలియాలి."

మర్నాడు వైకుంఠరావు చేపల వ్యాపారి పైడన్న వేషంలో గోపాలపూర్ చేరాడు. బరంపురం నాటకాల తార వాసవి, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చేపలు బేరమాడుతున్నట్టు వంగింది. అతను చిన్న గుడ్డమూట అందించాడు.

"కెస్లర్ మూట తీసి ఇది పెట్టు."

"ఆడు సూత్తే నన్ను సంపేత్తాడు. మీకేటి, సెప్పీసి ఎల్లిపోతారు!" అంది. మూట మాత్రం హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

మధ్యాహ్నం కెస్లర్, వాసవి బాడుగకి మాట్లాడుకున్న పైడన్న పడవ సామానుతో వంతెన కిందికి చేరింది. ఒడ్డున దిగగానే వైకుంఠరావు వీపుకి పిస్తోలు తగిలింది.

"చేపలవాడి ఒంటిమీద సెంటు సబ్బు వాసనా? మీ డిపార్టుమెంటుకి వేషం వేయడం కూడా చేతకాదు!" పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగులో అన్నాడు కెస్లర్. వాసవి చేతే అతన్ని స్తంభానికి కట్టించాడు. ఆమె కళ్లెత్తి చూడలేదు. మూట మార్చిందో లేదో వైకుంఠరావుకి తెలియలేదు.

కెస్లర్ బ్యాటరీకి, మీటరుకి, బాంబు డిటొనేటర్‌కి కలిపిన రెండు రాగి తీగలు డిస్టిల్డ్ వాటర్ డబ్బాలో ముంచి, మధ్యలో ఉప్పు మూట వేలాడదీశాడు.

"ఉప్పు కరిగితే అయాన్లుగా విడిపోతుంది. నీళ్లలో కరెంటు పారుతుంది, అది పెరిగి పెరిగి డిటొనేటర్ పేలుతుంది. మీటరు సూది కదలగానే నేను పడవెక్కుతాను. నీకు అర్థం కాదులే."

మూట కరిగి చిక్కిపోయింది. సూది కదల్లేదు. దూరంగా రైలు కూత.

వైకుంఠరావు గట్టిగా ఊపిరి వదిలాడు. "డాక్టర్, రుచి చూడు."

కెస్లర్ వేలు ముంచి నాలుకకి రాసుకున్నాడు. ముఖం పాలిపోయింది.

"పంచదార. దానిలో పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుని అతుక్కుంటాయి. సమయోజనీయ బంధం. కరిగినా అణువు అణువుగానే ఉంటుంది. అయాన్లు లేవు, కరెంటూ లేదు."

వంతెన అదిరింది. కెస్లర్ తీగలు రెండూ నీళ్లలోంచి లాగి ఒకదానికొకటి తాకించబోయాడు.

"సెయ్యి తియ్యి!" కెస్లర్ పక్కన పెట్టిన పిస్తోలు ఇప్పుడు వాసవి చేతిలో ఉంది.

"నాటకాలదానివి, నువ్వు కాల్చడమా!"

కాల్చింది. తీగలు ఇసుకలో పడ్డాయి. తలమీదుగా రైలు దడదడలాడుతూ వెళ్లిపోయింది.

వాసవి కట్లు విప్పింది. వైకుంఠరావు బేడీలు వేస్తుంటే, కెస్లర్ రక్తమోడుతున్న చెయ్యి పట్టుకుని ఈసడింపుగా చూశాడు.

"ఏ యూనివర్సిటీ నీది?"

"బరంపురంలో ఇంటర్. కెమిస్ట్రీ రెండుసార్లు తప్పాను" అన్నాడు వైకుంఠరావు. "అందుకే నీకంటే ఎక్కువసార్లు చదివాను."