ఇంటి లోపలి కనెక్షన్

"నా కంప్యూటర్‌లోకి ఎవరో దూరుతున్నారండీ," అంటూ ఆమె డిటెక్టివ్ ఎదుట కుర్చీలో కూలబడింది.

పుస్తకాల అచ్చుతప్పులు దిద్దడం ఆమె వృత్తి. అక్కాబావలతో కలిసి ఉంటోంది. వేరే ఊళ్ళలో ఉద్యోగాలకు ఏడుసార్లు ఎంపికైంది. ఏడుసార్లూ ‘నాకు రావడం కుదరదు’ అని ఆమె పేరుతో, ఆమె కంప్యూటర్ నుంచే జవాబు వెళ్ళిపోయింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారు?" డిటెక్టివ్ అడిగింది.

"నేనే మతి లేక రాశానేమో అనుకున్నాను. అక్క కూడా డాక్టరుకి చూపించుకోమంది. మూడోసారి నుంచి గదికి తాళం వేసి వెళ్తున్నా ఆగలేదండీ."

ఆరేళ్ళ కిందట ఆమె నడుపుతున్న స్కూటర్ పల్టీ కొట్టి, వెనక కూర్చున్న అక్కకు చూపు పోయింది. ఆపరేషన్ చేయించినా లాభం లేకపోయింది. అప్పటి నుంచి అక్కకు తల దువ్వడం, అన్నం కలిపి పెట్టడం అన్నీ ఆమే.

డిటెక్టివ్‌కు సహాయకుడు ఒకప్పటి టెలిఫోన్ లైన్‌మన్. ఆ కంప్యూటర్‌కు వచ్చే ప్రతి కనెక్షన్ నమోదయ్యేలా ఏర్పాటు చేశాడు. నాలుగో రోజు మధ్యాహ్నం వాళ్ళింట్లో ఆ జాబితా చూసి నోరెళ్ళబెట్టాడు.

"మేడమ్! బయటివాళ్ళెవరూ కాదు. రోజూ పదిన్నరకి దీన్ని నడిపింది ఈ ఇంట్లో టాబ్లెటే!"

"అది అక్క పాటలు వినేదండీ. ఆ టైముకి నేను కూరగాయలకి వెళ్తాను."

"మీ బావగారు?"

"తొమ్మిదింటికల్లా బస్ డిపోలో ఉంటారు."

డిటెక్టివ్ డిపోకు ఫోన్ చేసింది. జాబితాలో ఉన్న అన్ని రోజులూ పదిన్నరకు ఆయన సీట్లోనే ఉన్నాడు.

అక్క మంచం మీది టాబ్లెట్‌ను లైన్‌మన్ తాకగానే తెర వెలుగు భగ్గుమని కళ్ళకు కొట్టింది. ఎక్కడ నొక్కినా అది మాత్రం కిక్కురుమనలేదు.

సాయంత్రం అందరూ హాల్లో కూర్చున్నారు. డిటెక్టివ్ నెమ్మదిగా చెప్పింది.

"చూపులేనివాళ్ళ టాబ్లెట్ ఏది తాకితే అది చదివి వినిపించాలి. ఇందులో ఆ సదుపాయమే ఆపేసి ఉంది. వెలుగు మాత్రం పూర్తిగా పెట్టి ఉంది. గది తెరిచి ఉన్న రోజుల్లోనే కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపే ప్రోగ్రామ్ ఒకటి అందులో పెట్టారు. తాళం పడ్డాక మంచం మీంచే దాన్ని నడిపారు. పదిన్నరకి ఇంట్లో ఉండేది ఒక్కరే."

బావ తెల్లబోయి భార్యవైపు తిరిగాడు. "ఏమిటే ఇది?"

"ఎప్పట్నుంచి కనిపిస్తోంది అక్కా?" చెల్లెలు అడిగింది.

"ఆపరేషనైన మూడో నెల నుంచి. చెప్తే మర్నాడే వెళ్ళిపోయేదానివి."

"నా వల్లే నీకిలా అయిందని రోజూ నీ ముందు కూర్చుని ఏడ్చేదాన్ని కదే!"

"చూస్తూనే ఉన్నాను," అంది అక్క.

తన డిటెక్టివ్ చిక్కుముడి విప్పిన ప్రతిసారీ పొంగిపోయే లైన్‌మన్ ఆ రోజు తల దించుకున్నాడు.

చెల్లెలు డిటెక్టివ్‌ను అడిగింది. "ఆ ఏడుచోట్లకీ ఇప్పుడు రాస్తే?"

"ఫోన్ చేసి కనుక్కున్నానమ్మా. ఏడూ భర్తీ అయిపోయాయి."

ఆమె పది నిమిషాల్లో బట్టలు సర్దుకుంది.

"ఎక్కడికమ్మా?" బావ అడిగాడు.

"తెలీదు బావా."

అక్క కళ్ళనిండా నీళ్ళతో లేచి, తడబడి బల్లకు కొట్టుకుంది. "ఆగవే! నిజంగా నాకేమీ కనిపించడం లేదే!"

చెల్లెలు వెనక్కి తిరగలేదు.